అవ్వ మంచం బడికి వచ్చిన ఏడు

శనివారం మధ్యాహ్నం పిల్లల బస్సులన్నీ వెళ్ళిపోయాక, స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని మూడో తరగతి తెలుగు నోటుబుక్కులు దిద్దుతున్నాను. కరెంటు లేదు. "మీ ఇంట్లో ఒకరి గురించి ఐదు వాక్యాలు రాయండి" అని ఇచ్చాను. ఒక పాప ఇలా రాసింది: తాత. కుర్చీ. టీవీ. మందులు. కోపం. ఒక్కో మాట పక్కన ఒక్కో చుక్క. ఆ చుక్కలు మాత్రం బొట్టు పెట్టినంత శ్రద్ధగా పెట్టింది.

దాని కింద అలాంటి పుస్తకాలే ఇంకా ఉన్నాయి. బడి తెరిచినప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. ఎర్ర పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. చేతిలో ఓపిక లేక కాదు, ఇంకెక్కడో అయిపోయింది. "తెలుగే కదా మేడం, అంత పట్టించుకోకండి" అంటుంది మా ప్రిన్సిపల్. తల్లిదండ్రులు కూడా తెలుగు గురించి అడగరు. అడగని దాన్ని రోజూ చెప్పడంలో ఒక రకమైన అలసట ఉంటుంది. నిద్రపోతే పోయేది కాదది.

నేనింకా ముసలిదాన్ని కాలేదు. కానీ నేను అక్షరాలు నేర్చుకున్న బడి లేదు. మా ఇంటి గొర్లు లేవు. ఎవరి గురించి రాయమంటే నేను ఐదు కాదు, యాభై వాక్యాలు రాయగలనో ఆమె లేదు. ఇంత తొందరగా ఇంత పోతుందని ఎవరూ చెప్పలేదు.

మా ఊరు నకిరేకల్ రోడ్డు దిగి లోపలికి పోతే రాతి గుట్టల మధ్య ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది, నేను చెప్పే ఊరు లేదు. మావన్నీ గొర్లు కాచుకునే ఇళ్ళు. వాన పడితే వాడంతా తడిసిన గొంగడి వాసన వేసేది. తెల్లవారగానే దొడ్డి వాసన, పొయ్యి పొగ, జొన్న రొట్టె మాడిన వాసన, ఉడుకుతున్న పుంటికూర పులుపు, అన్నీ కలిసి ఒక్క వాసనగా ముక్కుకు తగిలేవి. ఈనిన గొర్రె దగ్గర పిండిన జున్ను పాలు ఎవరింట్లో కాగినా పిల్లలందరికీ తెలిసిపోయేది.

మా ఇంటికీ బడికీ మధ్య మొల ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. బడి అంటే రెండు గదులు, ముందు వరండా, పక్కన రేకుల వంటశాల. రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. బడిగోడ మీద కొత్త రంగు వేశారు గానీ పైకప్పు కురుస్తూనే ఉండేది. ఐదు తరగతులకూ ఒక్కడే సారు. నడి వయసు దాటిన మనిషి. రోడ్డు మీద ఆటో దిగి, మోకాలు పట్టుకుంటూ నడిచొచ్చేవాడు. ఆయన గదిలోకి వస్తే ముందు నొప్పుల మందు వాసన వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కుర్చీలోనే కన్ను మూతపడేది. నెలకోసారి మండలానికి పిలిచి ఏవో లెక్కలు రాయించేవాళ్ళు. గొప్ప సారు అని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ఆయన కూడా అనుకున్నట్టు లేదు.

కానీ ఒక్క విషయంలో మాత్రం వదిలేవాడు కాదు. మాట సగంలో ఆపనిచ్చేవాడు కాదు.

"పొద్దుగాల ఏం తిన్నవురా?" అని ఎవరినో లేపేవాడు.

"రొట్టె."

"రొట్టె ఏం చేసింది?"

"అదేం చెయ్యలే సారూ."

"మరి ఎవరేం చేసిన్రు? మొత్తం చెప్పు. నువ్వు సగంల ఇడిసిపెడితే ఇనేటోనికి తిప్పలు."

వాడు కాసేపు గోడ వైపు, కాసేపు నా వైపు చూసి, "నేను పొద్దుగాల రొట్టె తిన్న సారూ" అనేవాడు.

"గట్ల. పలక మీద రాసేటప్పుడు 'తిన్నాను' అని రాయి. నోటితోని నీ ఇష్టం. గని నడుమల ఆపొద్దు."

మాకది ఆట అయిపోయింది. ఒకరోజు అన్నం తిన్నాక సారు కునుకు తీసి లేచి, "ఒక్కొక్కరు ఒక వాక్యం రాసి చూపించుండ్రి" అన్నాడు. నా పక్కన కూర్చునే పిల్లగాడు పలక మీద "సారు కుర్చీలో నిద్రపోయాడు" అని రాసి తీసుకుపోయాడు. మేమందరం ఊపిరి బిగబట్టాం. సారు పలకను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు.

"ఎవరు అనేది ఉన్నది. ఏం చేసిండు, యాడ చేసిండు, అదీ ఉన్నది. తప్పు పడ్తనంటే యాడా దొరుకుతలేదు" అని చివర ఒక రైట్ గుర్తు గీసి, నవ్వుతూ ఇచ్చాడు. ఆ నవ్వులో కోపం లేదు, పట్టుబడిన అలసట ఉంది. ఇప్పుడు నాకు తెలుస్తోంది.

ఇంకోసారి గుడ్డు పెట్టే రోజున, వంటశాల ముందు నిలబడి, "గుడ్డు గావాల్నంటే ఒక పూర్తి వాక్యం చెప్పి తీస్కోవాలె" అన్నాడు. మాకు వండి పెట్టే పెద్దమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఆకలైన పోరగాండ్లతోని గిదేం బేరం సారూ? ముందు తిననియ్యుండ్రి. కడుపు నిండినంక మీకు గావాల్సినన్ని చెప్తరు."

సారు ఒక్క క్షణం ఆలోచించి, "గదీ నిజమే" అని పక్కకు జరిగాడు. ఆ రోజు తిన్నాక నిజంగానే చాలా చెప్పాం. అన్నీ గుడ్డు మీదే.

ఆ తిక్క ఇంటికి కూడా మోసుకుపోయాం. మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, మాటల మనిషి. గొర్లతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, లేవని మోకాలితో మాట్లాడేది. ఆమె ఒక ముచ్చట మొదలుపెడితే అది ముగిసేలోపు పిండి కలవడం, రొట్టె కాలడం రెండూ అయిపోయేవి. ఒకరోజు చేతులకు పిండితో, "గా మూలకు వెట్టిన, జర తే పిల్లా" అంది.

నేను కదలకుండా నిలబడి, "ఎవరు వెట్టిన్రు? ఏం వెట్టిన్రు? మొత్తం చెప్పు" అన్నాను.

అవ్వ రొట్టె తట్టడం ఆపి నా మొహంలోకి చూసింది. "మీ సారు నీకు సదువు చెప్తాండా, నా మీదికి ఉసికొల్పుతాండా?" అని, గొంతు సవరించుకుంది. "మీ తాతను కట్టుకొని, మీ నాయినను కని, నిన్ను సాకుతున్న నేను, గా మూలకు సల్లకుండ వెట్టిన. నీ కాళ్ళకు మెహందీ పెట్టుకోకపోతే పోయి పట్టుకరా. సాలా, ఇంకా గావాల్నా?"

మర్నాడు ఇది సారుకు చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, "మీ అవ్వను బడికి తోల్కరా, నా బదులు చెప్తది" అన్నాడు. ఊరికే అన్న మాటది.

ఆ ఏడు వానలు చెయ్యిచ్చాయి. దసరా ఇంకా రాకముందు, ఒక పొద్దున దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ అవ్వ పక్కకు ఒరిగింది. చీపురు చేతిలోనే ఉంది. నోరు ఒక వైపుకు లాగేసింది. నాయిన ఆటో మాట్లాడి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. కొన్నాళ్ళకు తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పోయిందంటే మొత్తం పోలేదు. ఒక్కటి మిగిలింది. "గది."

గది అంటే మా దిక్కు 'అది' అని. నీళ్ళు కావాలన్నా గది, దుప్పటి కావాలన్నా గది. కోపం వచ్చినా గదే, ఏడుపు వచ్చినా గదే. మేము ఒక్కొక్కటే చూపించేవాళ్ళం. నీళ్ళా? తల అడ్డంగా. అన్నమా? అడ్డంగా. మందా? చివరికి ఆమె మంచం పట్టెను ఎడమ చేత్తో కొట్టి, గోడ వైపు తిరిగి పడుకునేది. ఆమెకేం కావాలో తెలియకుండానే ఆ పూట గడిచిపోయేది. "మాట్లాడిస్తా ఉండుండ్రి, మెల్లగ వస్తే రావొచ్చు" అన్నాడట డాక్టరు. ఎవరు మాట్లాడించాలి? ఎప్పుడు?

గుట్టల మీద గడ్డి ఎండిపోయింది. వాడలోని మందలన్నీ కృష్ణ ఒడ్డుకు, కొల్లాపూర్ దిక్కు బయల్దేరాయి. నాయిన తల్లి మంచం దగ్గర చాలాసేపు కూర్చుని లేచాడు. గొర్లు చస్తే అందరం చస్తామని అమ్మతో అన్నాడు. గొంగడి భుజాన వేసుకుని పోయాడు. అమ్మ పత్తి ఏరడానికి కూలికి పోవాలి. ఇంట్లో మిగిలింది నేనే. నాలుగో తరగతి పుస్తకాలు సంచిలో పెట్టి, సంచి దూలానికి తగిలించి, అవ్వ పక్కన కూర్చున్నాను.

గోడకు అవతల బడి జరుగుతూనే ఉండేది. అవ్వకు విసురుతూ వింటుండేదాన్ని. ఒకరోజు సారు లోపల, "చెర్ల నీళ్ళు ఎట్లయినయి? పూర్తి వాక్యంల చెప్పాలె" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఎంతసేపటికీ చెప్పలేదు. నాకు ఆగలేదు. కూర్చున్న చోటి నుంచే, "వానలు పడక మా ఊరి చెర్ల నీళ్ళు ఎండిపోయినయి సారూ" అని అరిచాను.

బడి మొత్తం నవ్వింది. తర్వాత గోడ అవతల సారు కనబడ్డాడు. నన్ను చూశాడు, మంచాన్ని చూశాడు. లోపలికి పోయాడు.

మర్నాడు ఆయన రోజూ వచ్చేదానికన్నా ముందు ఆటోలో వచ్చి, అమ్మ పత్తికి బయల్దేరకముందే మా వాకిట్లో నిలబడ్డాడు.

"పిల్లను ఎన్ని దినాలు ఆపుతవమ్మా గిట్ల?"

అమ్మ సద్ది మూట కట్టుకుంటోంది. పత్తికాయ కొనలు గీరుకుని ఆమె వేళ్ళు ఎప్పుడూ చీరుకుని ఉండేవి.

"మరేం జెయ్యమంటరు సారూ? నేను పోకుంటే పొయ్యి మండదు. ముసలామెను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోతే గొంతెండి సస్తది. మీరే చెప్పుండ్రి, మీరు చెప్పినట్టే చేస్త."

ఆమె ఎదురు తిరగలేదు, నిజంగానే అడిగింది. సారు అరుగు మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. అమ్మ మూట ముడి వేసేదాకా అలాగే కూర్చుని, "మంచాన్ని లేపనీకి ఎంతమంది గావాలె?" అన్నాడు.

"యాడికి సారూ?"

"గోడ అవుతలికి. వరండాల నీడున్నది. పిల్ల సదువుకుంటది, కండ్ల ముందు అవ్వ ఉంటది."

"బడిలనా? నలుగురు నవ్వుతరు సారూ."

"నవ్వనియ్యి. నవ్వి నవ్వి వాళ్ళే ఆపుతరు."

ఆ పొద్దున అమ్మ, వంట పెద్దమ్మ, సారు, ఐదో తరగతి పిల్లలు కలిసి మంచంతో సహా అవ్వను ఎత్తి బడికి తీసుకొచ్చారు. అవ్వ ఎడమ చేత్తో చీర కొంగు మొహం మీదికి లాక్కుంది. పెళ్ళికూతురిని తెస్తున్నట్టుందని ఎవరో అన్నారు. వంట పెద్దమ్మ, "మెల్లగ పట్టుండ్రి, గుడ్ల బుట్ట గాదది" అని గదమాయిస్తూ నడిచింది.

మొదట్లో పిల్లలు భయపడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత ఆటపట్టించడం మొదలుపెట్టారు. సారు నిద్ర గురించి రాసిన పిల్లగాడే ఒక రోజు మంచం ముందు నిలబడి, మూతి వంకర పెట్టి, "గది, గది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను లేచేలోపే వరండాలోంచి గట్టిగా వినిపించింది.

"నీ నోట్ల మన్నువడ."

అవ్వ గొంతే. ఇదివరకటి గొంతు. ఏ తొట్రుపాటూ లేదు. లోపలి నుంచి సారు కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది అవ్వే. ఎడమ చేత్తో తన పెదాలను తడుముకుని చూసుకుంది. ఇంకొకటి అనబోయింది. "గది" అనే వచ్చింది.

"ఏమన్నదిరా?" అని సారు ఆ పిల్లగాణ్ణి అడిగాడు. వాడు తల వంచుకుని చెప్పాడు. సారు వాణ్ణి కొట్టలేదు. మంచం పట్టె మీద కూర్చుని, "మాటలు లోపట్నే ఉన్నయి. తొవ్వ మూసుకపోయింది అంతే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

ఆ రోజు నుంచి మా తెలుగు పాఠం వరండాలో జరిగింది. పుస్తకంలో పాఠం అయ్యాక ఒక్కొక్కరం పోయి అవ్వకు ఒక వస్తువు చూపించి, ఒక వాక్యం చెప్పాలి. మెల్లగా, మొత్తం. "అవ్వా, గిది మేక. మేక ఆకు తింటాంది." "అవ్వా, నేను నీళ్ళు తెచ్చిన." మాటను సగంలో మింగేసే పిల్లలు కూడా అవ్వ కోసం చివరిదాకా చెప్పేవాళ్ళు. ఆమె మా నోళ్ళ వైపే చూసేది. పెదాలు కదిలించేది. కొన్నాళ్ళకు 'మేక' వచ్చింది. తర్వాత 'నీళ్ళు'. వచ్చినట్టే వచ్చి మర్నాటికి పోయేవి. కొన్ని రోజులు విసిగి చెంబు విసిరేసేది. కొన్ని రోజులు సారే విసిగిపోయేవాడు. "ఇయ్యాల సాలుతీ" అని కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకునేవాడు. అందరం అలసిపోయేవాళ్ళం. పాటలాగా, పండుగలాగా జరిగిందని చెప్పలేను. రాయి మీద నూరినట్టు జరిగింది.

అప్పుడే గుట్ట మీద సీతాఫలాల కాలం వచ్చింది. వానల్లేకున్నా అవి కాశాయి, కాకపోతే చిన్నవి. బడి అయ్యాక ఎక్కి, కన్ను విచ్చిన కాయలు ఏరుకొచ్చి, వంటశాలలో బియ్యం డబ్బా లోపల దాచేవాళ్ళం. పెద్దమ్మ మూత తీయగానే వాసన గుప్పుమనేది. "ఇది బియ్యమా, మీ తోటనా?" అని తిట్టి, పండినవి తీసి అవ్వకు తినిపించేది. గింజ ఒక్కొక్కటే ఎడమ అరచేతిలోకి ఉమ్ముతూ అవ్వ కళ్ళు మూసుకుని తినేది. ఒకరోజు తిన్నాక, ఎవరూ అడగకుండా, "తీపి" అంది. కాసేపాగి, "పండు... తీపి" అంది. మేము చప్పట్లు కొట్టాం. సారు మాత్రం, "పండు ఎట్లున్నది? పండు తియ్యగ...?" అని అందించాడు. అవ్వ ఆయన వైపు ఒక చూపు చూసింది. బాగున్నప్పుడు ఎలా చూసేదో అలాంటి చూపు. సారు నవ్వి వదిలేశాడు.

ఆ నెలలోనే మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ముందుగా చెప్పకుండా వచ్చాడు. బండి దిగి వరండా ఎక్కుతూనే మంచం తగిలింది.

"గిదేంది సారూ? బడా, దవాఖానా?"

సారు చేతులు కట్టుకుని మొత్తం చెప్పాడు. ఆఫీసరు విన్నాడు. చెడ్డవాడిలా లేడు. ఆయన చొక్కా కూడా చెమటతో వీపుకు అంటుకుని ఉంది, ఇంకా చూడాల్సిన బడులు ఉన్నాయని పదే పదే ఫోను చూసుకుంటున్నాడు.

"నాకర్థమైంది. గని ఎవడన్న ఫోటో తీసి ఫోన్లల్ల పెడితే ఏమైతది? ముందు మీ నౌకరి, ఎన్క నా నౌకరి. మీ మంచికే చెప్తున్న. ముసలామె బడిల ఉండొద్దు."

అప్పుడు అవ్వ ఎడమ మోచేతి మీద లేవబోయింది. ఆయనకేదో చెప్పాలని ఆమె మొహం అంతా కదిలింది. మేమందరం ఆమె నోటి వైపు చూశాం. ఇన్నాళ్ళ పాఠం ఇప్పుడు బయటికి వస్తుందని నేను నిజంగా నమ్మాను. "గది," అంది అవ్వ. "గది... గది... గది." ఇంకేమీ రాలేదు. ఆఫీసరు తల దించుకుని, చెప్పుల వైపు చూసుకుని, బండెక్కి పోయాడు.

సాయంత్రం మంచాన్ని మళ్ళీ గోడ అవతలికి మోశారు. ఈసారి పెళ్ళికూతురి మాట ఎవరూ అనలేదు. నేను సంచి తీసుకుపోయి మళ్ళీ దూలానికి తగిలించాను.

మర్నాడు మధ్యాహ్నం తెలుగు గంటకు మా వాకిలి చప్పుడైంది. చూస్తే ముందు సారు, వెనక నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు, చంకల్లో పలకలు. "ముసలామె బడికి రావొద్దన్నరు," అన్నాడు సారు అరుగు మీద కూర్చుంటూ. "బడి ముసలామె దగ్గరికి పోవొద్దని అనలే." నోటితో నవ్వాడు గానీ ఆయనకు భయంగానే ఉండేది. రోడ్డు మీద బండి చప్పుడైతే పాఠం ఆపి చెవి పెట్టి వినేవాడు. నా లెక్కలూ, మిగతావీ పోతూనే ఉన్నాయి. తెలుగు ఒక్కటి మాత్రం గోడ దాటి నా దగ్గరికి వచ్చింది.

నాయిన గుట్టెక్కి సిగ్నల్ దొరికినప్పుడు ఫోను చేసేవాడు. అమ్మ ఫోనును అవ్వ చెవి దగ్గర పెట్టేది. "అమ్మా, ఎట్లున్నవ్?" అనేవాడు. అవ్వ "గది" అనేది. అటు వైపు కాసేపు గాలి చప్పుడు వినిపించేది. "సరే, ఫికర్ చెయ్యకు" అని పెట్టేసేవాడు. ప్రతిసారీ అంతే.

చలి మొదలైన రోజుల్లో, దీపాలు పెట్టే వేళకు ఫోను వచ్చింది. అమ్మ చేతులు కడుక్కుంటుంటే నేనే పట్టుకున్నాను.

"అమ్మా, ఎట్లున్నవ్?"

అవ్వ పెదాలు తడుపుకుంది. ఎడమ చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

"గొర్లు," అంది. ఆగింది. నాయిన కూడా అటు ఆగాడు. నేను అందించాలనుకున్నాను, ఏమని అందించాలో తెలియదు. "గొర్లు... నీళ్ళు..." అంది. మెడ నరాలు లేచాయి. "నీళ్ళు తాగినయా?"

అమ్మ తడి చేతులతోనే వచ్చి గడపలో నిలబడిపోయింది. ఫోనులో చాలాసేపు గాలి. గంటల చప్పుడు. ఆ తర్వాత నాయిన గొంతు, చిన్న పిల్లవాడి గొంతులా.

"తాగినయే అమ్మా. అన్నీ తాగినయి. ఏట్ల నీళ్ళున్నయి."

అవ్వ తల ఊపింది, ఆయనకు కనబడుతున్నట్టు. ఆ తర్వాత అలసిపోయి పడుకుంది.

మర్నాడు బడి గంట కొట్టగానే, అవ్వ నిద్రలో ఉండగా గోడ దాటి పోయి సారుకు చెప్పాను. ఆయన పొగడలేదు, నవ్వలేదు. చాక్‌పీసు నా చేతికిచ్చి, "బోర్డు మీద రాయి బిడ్డా" అన్నాడు. గొర్లు నీళ్ళు తాగాయా? అని రాశాను. చివర ఆ గుర్తు ఎందుకని రెండో తరగతి పిల్ల ఒకతి అడిగింది. "ఎదుటోళ్ళు చెప్పేదాకా ఆగాలని" అన్నాడు సారు. మళ్ళీ కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం దాకా ఏ పాఠమూ చెప్పలేదు.

తర్వాత జరిగినవి చప్పుడు లేకుండా జరిగాయి. నాయిన తిరిగొచ్చాడు, నేను మళ్ళీ బడికి పోయాను. మంద సగమైంది. ఆ మరుసటి ఎండాకాలం మిగిలినవి కూడా అమ్మేసి, హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోయాడు. ఊళ్ళోకి పసుపు రంగు వ్యాను రావడం మొదలైంది, నకిరేకల్‌లోని ఇంగ్లీషు బడిది. టై కట్టుకున్న పిల్లలు పొద్దున్నే దాంట్లో ఎక్కేవాళ్ళు. మొదట సర్పంచు ఇంటి పిల్లలు, తర్వాత పక్కింటివాళ్ళు, తర్వాత నిద్ర గురించి రాసిన పిల్లగాడు. ఎవరినీ తప్పు పట్టలేం. సారు ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. అందరూ చాయ్ ఇచ్చారు, పిల్లల్ని ఇవ్వలేదు. నేను ఐదులో ఉండగా మా బడిలో మిగిలినవాళ్ళం ఒక్క వరుసకు సరిపోయేవాళ్ళం కాదు. వచ్చే ఏడు నుంచి పక్క ఊరి బడిలో కలుపుతారని చెప్పారు.

అవ్వ అప్పటికి గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. పాత మాటలమనిషి మాత్రం తిరిగి రాలేదు. ఒక్కో మాటకూ ఆగి, వెతుక్కుని, తెచ్చుకుని మాట్లాడేది. వాడలోవాళ్ళకు అంతసేపు ఆగే తీరిక ఉండేది కాదు. మధ్యలోనే, "ఆఁ, అర్థమైంది లేవే" అని వెళ్ళిపోయేవాళ్ళు. అర్థమయ్యేది కాదని నాకు తెలుసు. చివరిదాకా ఆగి వినేది సారొక్కడే.

ఆఖరి రోజు పెద్దమ్మ గుడ్లు ఉడకబెట్టింది. సారు అటెండెన్సు తీసుకున్నాడు, లెక్కలు చెప్పాడు, గంట తానే కొట్టాడు. తాళం వేసి, మా వాకిట్లోకి వచ్చి, అవ్వ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకటే అలసట. అమ్మ ఇచ్చిన సల్ల తాగి, గ్లాసు పక్కన పెట్టి, "పోయొస్తనవ్వా" అన్నాడు.

"మంచిది," అంది అవ్వ. ఆగింది. సారు లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు. "మంచిది... సారూ. పైలం... పో."

ఆయన రెండు చేతులూ జోడించి లేచాడు. రోడ్డు దాకా నడుస్తూ మధ్యలో ఒక బండ మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. ఆ తర్వాత లేచి పోయాడు. దుమ్ములో ఆటో కదలడం మాకు కనబడింది. నేను లోపలికి పోదామని అవ్వ చెయ్యి పట్టుకున్నాను. ఆమె కదలలేదు.

"రేపు వస్తడేమోనే అవ్వా, తాళంచెవి ఇయ్యనీకి," అన్నాను. నన్ను నేనే నమ్మించుకోవడానికి అన్నాను.

అవ్వ నా వైపు తిరగలేదు. మాటల కోసం చాలాసేపు వెతుక్కుంటుందనుకుని, అలవాటు కొద్దీ ఆగాను. కానీ ఈసారి ఆమె వెతుక్కోలేదు.

"సారు ఇగ రాడు," అంది.

సరిదిద్దడానికి నాకేమీ దొరకలేదు.